ముందు ఆగడం, ఆ తర్వాతే పరుగు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. పాత అమెరికన్ మజిల్ కారు ఒకటి కొనుక్కోవాలన్నది నా చిరకాల కోరిక. కిందటి నెలలో 1967 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ కొన్నాను. 289 ఘనపుటంగుళాల వీ8 ఇంజను, మూడు గేర్ల ఆటోమేటిక్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. కొత్తగా రంగు వేయించి అమ్మారు, చూడముచ్చటగా ఉంది. ఇప్పటి మస్టాంగ్‌లలో వచ్చే 5.0 లీటర్ల కొయోటీ ఇంజను, ఆరు గేర్ల గేరుబాక్సు, ఏసీ, పెద్ద చక్రాలు పెట్టించాలని ఉంది. ఆదివారాలు పిల్లలను వెనుక కూర్చోబెట్టుకుని గుడికి వెళ్లి రావడానికి పనికిరావాలన్నది మా ఆవిడ షరతు. పని ఎక్కడ మొదలుపెట్టాలి? పాతది ఎంతవరకు ఉంచాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీ ఆవిడ పెట్టిన షరతులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. పిల్లలు ఎక్కే బండికి మొదట కావలసింది చెప్పినచోట ఆగడం, తర్వాత తిప్పినవైపు తిరగడం, ఆ తర్వాత ఎండలో వేడెక్కకుండా ఉండడం. ఇంజను వంతు చిట్టచివర వస్తుంది. మీరు రాసిన జాబితాలో ఇంజను అన్నిటికంటే ముందుంది, బ్రేకుల మాటే లేదు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే తిరకాసు ఇదే. (మస్టాంగ్‌ను మజిల్ కారు అంటే ఒప్పుకోని ఛాందసులు అమెరికాలో ఉన్నారు. ఆ పేరు 1964 పాంటియాక్ జీటీఓ వంటి మధ్యస్థాయి బండ్లకే చెల్లుతుందనీ, మస్టాంగ్ ‘పోనీ కారు’ అనీ వాళ్లు వాదిస్తారు. ఆ తగవు వాళ్లకే వదిలేద్దాం.)

స్పానరు పట్టేముందు బండి నంబరు చదవండి. అది 7ఆర్01సీ అని మొదలైందనుకోండి: 7 అంటే 1967, ఆర్ అంటే శాన్ హోసే కర్మాగారం, 01 అంటే హార్డ్‌టాప్, సీ అంటే రెండు గొట్టాల కార్బురేటర్ ఉన్న 289 ఇంజను. రెండో అక్షరంగా కర్మాగారం గుర్తు ఎఫ్ అయితే డియర్‌బోర్న్, టీ అయితే మెటచెన్ అనుకోవాలి. సీ ఉండవలసిన చోట కే అని కనిపిస్తే మాత్రం ఒక్క నట్టు కూడా విప్పకండి. అది 271 హార్స్‌పవర్ల అరుదైన ఇంజనుతో పుట్టిన బండి, దాన్ని మార్చడమంటే దాని విలువను చేజేతులా తగ్గించుకోవడమే. 1967 నుంచి ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు ఆ కంపెనీ అనుమతితో కెవిన్ మార్టీ సంస్థ దగ్గర ఉన్నాయి కాబట్టి, మీ బండి ఏ రంగుతో, ఏ ఇరుసు నిష్పత్తితో కర్మాగారం దాటిందో చెప్పే ‘మార్టీ రిపోర్టు’ను డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు. సీ గుర్తున్న మామూలు హార్డ్‌టాప్ అయితే మార్పులు చేసినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మార్చుకోవడానికి అంతకంటే అనువైన బండి దొరకదు కూడా.

ఇక కొత్త రంగు సంగతి. అమ్మకానికి ముందు వేయించిన రంగును నేను ఎప్పుడూ అనుమానంతోనే చూస్తాను. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని వెనుక చక్రాల వంపు చుట్టూ, తలుపుల అడుగు అంచుల వెంట మెల్లగా జరపండి. అది పట్టు వదిలి జారిపోయే చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, లప్పం. తర్వాత కార్పెట్టు మొత్తం ఎత్తేసి, ముందు అద్దం కింద, బానెట్టు వెనుక ఉండే చిల్లుల రేకులో చెంబెడు నీళ్లు పోసి, టార్చిలైటుతో డ్యాష్‌బోర్డు కిందికి దూరి చూడండి. కౌల్ అనే ఈ భాగం రెండు రేకుల మధ్య ఉన్న తొట్టి లాంటిది. పైనుంచి పడిన వాన నీరు పక్కలకు పారి చక్రాల వెనుక నుంచి కిందికి పోవాలి. కానీ యాభై అరవై ఏళ్లుగా రాలిన ఆకులూ మట్టీ అందులో పేరుకుని, గాలి లోపలికి వచ్చే గొట్టం అంచును తుప్పు తినేస్తుంది. అప్పుడు నీరు సరాసరి మీ కాళ్ల దగ్గరికి దిగి, ఫ్లోరునూ దాని కిందనున్న పెట్టె ఆకారపు బలపు రేకులనూ తినడం మొదలుపెడుతుంది. పైరేకును పట్టి ఉంచిన చుక్కల వెల్డింగులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్లుతో విప్పితే తప్ప ఆ లోపలి అంచు చేతికి అందదు. ఈ బండికి లారీకి ఉన్నట్టు విడి చాసిస్ లేదు, రేకులే ఎముకలు. కాబట్టి డ్యాష్‌బోర్డు కింద ఒక్క బొట్టు కనిపించినా ఇంజను కోసం దాచిన డబ్బు ముందుగా అక్కడే ఖర్చుపెట్టండి.

రేకు గట్టిదని తేలాక బ్రేకులకు రండి. ఒక సర్కిట్ పోయినా రెండోది పనిచేసే రెండు గదుల మాస్టర్ సిలిండర్ 1967 నుంచి మస్టాంగ్‌కు కంపెనీ నుంచే వస్తోంది. 1966 వరకు ఒక్క గదే ఉండేది కనుక ఈ విషయంలో మీది అదృష్టం. ముందు చక్రాలకు డిస్కులు వేయించుకోండి, వెనుక డ్రమ్ములు ఉంచేయవచ్చు. వెనుకటి రోజుల్లో 1975 తర్వాతి ఫోర్డ్ గ్రనాడా బండ్లనుంచి ముందు చక్రాల భాగాలు విప్పుకొచ్చి ఈ మస్టాంగ్‌లకు బిగించేవారు. ఇప్పుడు కొత్త కిట్లు సులువుగా దొరుకుతున్నాయి, తుక్కు దుకాణాల వెంట తిరగనక్కరలేదు. డిస్కుల కొలతను బట్టి మీ 14 అంగుళాల చక్రాలు పట్టకపోవచ్చు, కాబట్టి చక్రాలు కొనేది బ్రేకుల తర్వాతే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఇలాంటి బండికి డిస్కులు బిగించినప్పుడు పాత మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది కదా అని అలాగే వాడాను. రెండు మైళ్లు కూడా పోకముందే ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది; రిమ్ము మీద చెయ్యి ఆనలేదు. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో బయటికి పోయే దారి దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది, పెడల్ వదిలాక కూడా అది గొట్టంలో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. డ్రమ్ములో లైనర్లను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి దానికి ఆ ఒత్తిడి లెక్కలోకి రాదు. డిస్కుకు అలాంటి స్ప్రింగు లేదు, అందువల్ల ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. డిస్కు–డ్రమ్ము బండి కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌నే కొనండి. వెనుక గొట్టానికి ఒత్తిడి తగ్గించుకునే వాల్వు పెట్టించి, ఖాళీ స్థలంలో తడి నేల మీద గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. ముందు చక్రాలకంటే వెనుకవి ముందుగా బిగుసుకుంటే బండి గిరుక్కున తిరిగిపోతుంది, కాబట్టి అలా జరగనంతవరకు ఆ వాల్వును తగ్గించుకుంటూ రావాలి.

పిల్లల గురించి రెండు మాటలు చెప్పాలి. మీ బండి వెనుక సీటుకు నడుము బెల్టులే ఉంటాయి. బూస్టర్ సీటు వాడే వయసు పిల్లలకు భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి కనుక, మూడు చోట్ల బిగించే బెల్టులు వేయించాలి. బోల్టు పడే ప్రతిచోటా రేకు వెనుక మందమైన ఉక్కు పలక వెల్డు చేయించాలి, పలచటి రేకుకు బిగించిన బెల్టు ఉన్నా లేనట్టే. రెండో మాట ఇంతకంటే ముఖ్యమైనది: 1970 వరకు వచ్చిన మస్టాంగ్‌లలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. డిక్కీకీ వెనుక సీటుకూ మధ్య అట్ట తప్ప ఇంకేమీ ఉండదు, కాబట్టి వెనుక నుంచి ఎవరైనా గుద్దితే పెట్రోలుకూ పిల్లలకూ మధ్య అడ్డు లేనట్టే. సీటు వెనుక పూర్తి వెడల్పున ఉక్కు రేకు బిగించి అంచులు మూసివేయించడం ఈ పనుల్లోకెల్లా చవకైనది. పిల్లలు ఆ సీటులో కూర్చునేలోగా అది పూర్తికావాలి.

స్టీరింగు, బుష్షులు, షాకబ్జార్బర్లు, రేడియల్ టైర్లు, చక్రాల అలైన్‌మెంటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అరిగినవి మార్పిస్తే చాలు. ఏసీ విషయంలో మాత్రం ఒక వరుస పాటించండి. డాలస్ ఎండలో ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందు నిలబడితే దాని వేడి అంతా రేడియేటర్ మీదికే వస్తుంది, అందువల్ల ముందుగా పెద్ద అల్యూమినియం రేడియేటర్, ఫ్యాను చుట్టూ గాలి చెదరకుండా తొడుగు పెట్టించాలి. మీ బండికి కంపెనీ ఇచ్చిన ఏసీ ఉంటే అది ఆర్12 వాయువుది. అమెరికాలో దాని తయారీ 1995తోనే ఆగింది కనుక ఆర్134ఏతో నడిచే కొత్త కిట్టు వేయించుకోవడమే నయం. ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టే పనైతే అప్పట్లో వచ్చిన 40 ఆంపియర్ల లోపు ఆల్టర్నేటర్ చాలదు, దానిని కూడా మార్చాలి.

ఇప్పుడు ఇంజను. మీ 289 సీ ఇంజనుకు కంపెనీ చెప్పిన లెక్క 200 హార్స్‌పవర్లు, 2011లో కొయోటీకి చెప్పినది 412. కానీ 1972కు ముందటి అంకెలు ఎగ్జాస్టు, గాలి ఫిల్టరు వంటి భారాలేవీ లేకుండా ఇంజనును బల్ల మీద నిలబెట్టి కొలిచినవి కాబట్టి, అసలు తేడా మీరనుకుంటున్న దానికంటే ఎక్కువే. అంత ఎక్కువ ఎందుకన్నది ఆలోచించవలసిన విషయం. కొయోటీ బరువు పాతదానికి పెద్దగా మించదు, తంటా అంతా వెడల్పుతో. మీ ఇంజనులో మధ్యన ఒకే కామ్‌షాఫ్టు ఉంటే దానికి సిలిండర్ల తలల (హెడ్ల) మీద నాలుగు ఉంటాయి, అందుకే ఆ తలలు వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి. ఈ బండిలో ముందు స్ప్రింగులు పై చేయి మీద నిలబడి, షాక్ టవర్లనే ఎత్తైన రేకు గూళ్లలో ఉంటాయి. కొయోటీ కోసం సాధారణంగా ఆ గూళ్లు కోసేసి, 1974 మస్టాంగ్ 2 తరహా ముందు సస్పెన్షన్ వెల్డు చేస్తారు. గూడు మోసే బరువంతా అప్పుడు కింది రేకు పట్టీల మీద పడుతుంది. 1967లో వేసిన పట్టీ లోపల ఎంత మిగిలిందో కోసి చూస్తే గాని తెలియదు, కోశాక వెనక్కి వెళ్లే దారి లేదు. చేయి తిరిగిన వాళ్లు చక్కగా చేసిన బండ్లు చాలా ఉన్నాయి, కాదనను. మీ అవసరానికి మాత్రం నేను వద్దంటాను.

దాని బదులు 1987 నుంచి 1993 వరకు మస్టాంగ్‌లలో వచ్చిన 5.0 ఇంజను చూడండి. అది మీ 289 వంశంలోదే. సిలిండర్ వ్యాసం రెండింటికీ 4 అంగుళాలే, స్ట్రోకు మాత్రం 2.87 నుంచి 3 అంగుళాలకు పెరిగింది. మీ బండిలో ఉన్న మౌంట్ల మీదే కూర్చుంటుంది, షాక్ టవర్ల జోలికి పోనక్కరలేదు. రోలర్ ట్యాపెట్లు కనుక పాత కామ్‌కు కావలసినట్టు ప్రత్యేకంగా జింకు కలిపిన ఆయిలు వెతుక్కోనక్కరలేదు. రెండు తేడాలు మాత్రం మెకానిక్‌కు గుర్తుచేయండి. 289లో ప్లగ్గులు మండే వరుస 1–5–4–2–6–3–7–8 అయితే, దీనిది 1–3–7–2–6–5–4–8. బ్యాలెన్సు కూడా వేరు: పాతది 28 ఔన్సులు, 1980ల ఇంజనుది 50. ఇంజను వెనుక బిగించే పలకను, అంటే పాత ఫ్లెక్స్‌ప్లేటును, దీనికి బిగిస్తే బండి పాదరసం మింగినట్టు వణుకుతుంది.

గేరుబాక్సుగా నాలుగో గేరు ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజను తక్కువగా తిరిగే గేరు) అయిన ఏఓడీ ఆటోమేటిక్ సరిపోతుంది. క్లచ్చు తొక్కే సరదా ఉంటే ఐదు గేర్ల మాన్యువల్ టీ5 ఉంది. మీ ఇరుసు నిష్పత్తి 3.00 అయి, టైరు 26 అంగుళాలదైతే, పాత మూడు గేర్లతో 70 మైళ్ల వేగంలో ఇంజను నిమిషానికి 2,700 సార్లు తిరుగుతుంది. ఏఓడీ పై గేరులో 1,800 చాలు. హైవే మీద మీ ఆవిడతో మాట్లాడుకోవడానికి వీలయ్యేది దీనివల్లే. వెనుక ఇరుసుకు పోయే షాఫ్టును కొలిచి కోయించి, మళ్లీ బ్యాలెన్సు చేయించాలి.

విప్పిన 289నూ, డ్రమ్ములనూ, కార్బురేటర్‌నూ తుక్కుకు ఇవ్వకండి. నూనె పట్టించి, చీటీ రాసి కట్టి, గ్యారేజీలో ఒక మూల పెట్టండి. పని మొదలుకాకముందే బీమాను ‘ఒప్పుకున్న విలువ’ పద్ధతిలోకి మార్చుకుని, చేయించే మార్పులన్నీ రాతపూర్వకంగా తెలపండి. నంబరు ప్లేటు తీసుకునేటప్పుడు ఒక సంగతి చూసుకోండి: టెక్సస్‌లో ‘యాంటిక్’ ప్లేటు ప్రదర్శనలకూ ఊరేగింపులకే గాని రోజువారీ తిరుగుడుకు చెల్లదు. వారం వారం గుడికి వెళ్లే బండికి ‘క్లాసిక్’ ప్లేటు తీసుకోవాలి.

ప్రశ్న: నా దగ్గర 1969 ఫోర్డ్ టొరీనో ఉంది, 351 ఇంజను. కార్బురేటర్ తీసేసి, అదే చోట కూర్చునే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాను. కీ తిప్పి సెల్ఫ్ కొట్టగానే దాని చిన్న తెర ఆరిపోతుంది, కీ వదిలాక మళ్లీ వెలుగుతుంది. ఒక్కోసారి స్టార్టయినా వెంటనే ఆగిపోతుంది. బ్యాటరీ కొత్తది. పెట్టినవారు కంప్యూటరే పాడైందంటున్నారు.
– ఒక పాఠకురాలు, నోవై, మిషిగన్

జవాబు: కంప్యూటర్ పాడైందనడానికి ముందు చేయవలసిన పరీక్ష ఒకటి మిగిలి ఉంది, అది ఒక మల్టీమీటరుతో పది నిమిషాల పని. ఇంజెక్షన్ పెట్టెకు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లావుపాటి తీగలు కాక, ‘కీ వేశారు’ అని చెప్పే సన్నతీగ ఒకటి ఉంటుంది. పాత కాయిల్ దగ్గర తీగ చేతికందేలా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని అక్కడే కలిపేస్తారు. ఆ కాలపు ఫోర్డ్ బండ్లలో కాయిల్‌కు వెళ్లే దారిలో గులాబీరంగు తీగ ఒకటి ఉంటుంది. అది మామూలు తీగ కాదు, ఇగ్నిషన్ పాయింట్లు కాలిపోకుండా వోల్టేజీని కావాలనే తగ్గించే నిరోధక తీగ. దాని తర్వాత కలిపితే కంప్యూటర్‌కు అందేది ఏడు, ఎనిమిది వోల్టులే. రెండో అవకాశం, ఆ సన్నతీగను రేడియో, వైపర్ల వరుసలో కలిపి ఉండవచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ బలమంతా స్టార్టర్‌కే పోవాలని ఆ వరుసను స్విచ్చు తనంతట తానే ఆపేస్తుంది. మీ తెర ఆరిపోయి, కీ వదలగానే మళ్లీ వెలగడాన్ని బట్టి నాకు ఈ రెండోదానిమీదే ఎక్కువ అనుమానం.

మీటరు నల్ల కొసను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర కొసను ఆ సన్నతీగ మీద పెట్టి, ఇంకొకరిని కీ తిప్పమనండి. కీ వేసినప్పుడూ, సెల్ఫ్ కొడుతున్నప్పుడూ అక్కడి అంకె అదే సమయంలో బ్యాటరీ చూపే అంకెకు అరవోల్టు లోపు ఉండాలి. లేకపోతే కీ స్విచ్చు కనెక్టర్ వద్ద, గులాబీ తీగ మొదలు కాకముందు, రెండు స్థితుల్లోనూ కరెంటు నిలిచే చోటును మీటరుతోనే వెతికి సన్నతీగను అక్కడికి మార్పించండి. అలాంటి చోటు దొరకకపోతే, కీ వేసినప్పుడు ఒక దారినుంచీ సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకో దారినుంచీ వచ్చే రెండు తీగలను, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ల ద్వారా కలిపి ఇవ్వవచ్చు. లావుపాటి ఎరుపు, నలుపు తీగలు మాత్రం ఫ్యూజు పెట్టెకో, బాడీ బోల్టుకో కాకుండా బ్యాటరీ కొసలకే చేరాలి. మిషిగన్ రోడ్ల ఉప్పు తగిలిన రేకు మీద ఎర్తు ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు.

పనిలో పనిగా పెట్రోలు గొట్టాలనూ చూడండి. కార్బురేటర్‌కు ఐదారు పీఎస్ఐ చాలు, ఇంజెక్షన్‌కు దాదాపు అరవై కావాలి. రబ్బరు గొట్టం మీద 30ఆర్7 అని అచ్చు ఉంటే అది పాత ఒత్తిడికి చేసినది. 30ఆర్9 అని ఉండాలి. కంప్యూటర్ సంగతి కంటే ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

ప్రశ్న: మా తాతగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 షెడ్డులో ఉంది. అమెరికాలో చేస్తున్నట్టు దానికి తర్వాతి కాలపు ఇసుజు 1.8 పెట్రోలు ఇంజను పెట్టి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ కుదరవు, ఒకటి ఎంచుకోవాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ‘వీఏ’ అక్షరాల వింటేజ్ నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకొకసారి 5,000. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు వెళ్లవచ్చు గాని రోజూ తిరగడానికి వీల్లేదు.

ఇంజను మార్చదలిస్తే మామూలు ఆర్సీనే ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ, పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కంపెనీ ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే గట్టిగా నిలబెట్టింది. అమెరికాలో మస్టాంగ్‌కు చేసినవన్నీ ఇక్కడ చేయవచ్చనుకుంటే చిక్కుల్లో పడతారు.

నన్నడిగితే ఆ 1489 సీసీ ఇంజనునే బాగుచేయించండి. అది అంత మొండిది, అంత సులువైనది. రింగులు, బేరింగులు, వాల్వులు చూపించి, కొత్త బ్రేకు గొట్టాలు, కొత్త వైరింగు వేయించి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టిస్తే రాజమహేంద్రవరం వీధుల్లో దానికి ఇంకేమీ అక్కరలేదు. టింకరింగుకు ఇచ్చేముందు మాత్రం చాసిస్ నంబరు గుద్దిన చోటును దగ్గరినుంచి నాలుగు ఫొటోలు తీసి పెట్టుకుని, అక్కడ గ్రైండర్ గాని వైరు బ్రష్షు గాని ఆనించవద్దని షెడ్డువారికి ముందే చెప్పండి. ఆ అంకెలు చెరిగిపోతే పైన రాసిన రెండు దారులూ మూసుకుపోతాయి.